టైట్ ఎండ్ అంటే ఏ వేషం?

రెండు వారాల క్రితం ఈ శీర్షికలో అమెరికా పాటల రాణి టేలర్ స్విఫ్ట్ గురించి నాలుగు ముక్కలు రాస్తూ, ట్రావిస్ కెల్సీ అనే ఆటగాడితో తన నిశ్చితార్థం సంగతి ఆవిడ 2025 ఆగస్టులో లోకానికి చెప్పిందనీ, ఆ పెళ్ళికొడుకు అమెరికన్ ఫుట్‌బాల్‌లో ‘టైట్ ఎండ్’ అనీ రాసి చేతులు దులుపుకున్నాను. తెనాలి నుంచి ఒక పాఠకురాలు వెంటనే ఉత్తరం రాశారు: ‘హీరో అంటే తెలుసు, విలన్ అంటే తెలుసు, కమెడియన్ అంటే తెలుసు. ఈ టైట్ ఎండ్ అంటే ఏ వేషమండీ? ఆ పిల్ల అతనిలో ఏం చూసిందో చెప్పకపోయినా ఫర్వాలేదు, అతనేం పని చేస్తాడో చెప్పండి.’

నిజం చెప్పొద్దూ, నాకూ తెలియదు. పరాయి పత్రికల్లో ఉన్న మాటని ఉన్నట్టు దించేశానంతే. మా బాబాయి కొడుకు కాన్సాస్ సిటీ పొరుగున ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో కంప్యూటర్ ఉద్యోగం వెలగబెడుతున్నాడు. వాడికి ఫోన్ చేశాను. “అక్కా, అది హీరో వేషం కాదు, సైడ్ వేషమే. కానీ ఆ సైడ్ వేషానికి మా ఊళ్ళో హారతులు పడతారు” అన్నాడు. మా ఊరంటే వాడి లెక్కలో ఇప్పుడు కాన్సాస్ సిటీ అన్నమాట! ఏలూరు సంగతి ఎప్పుడో మరిచిపోయాడు. దరిమిలా వాడు చూడమన్న పాత మ్యాచీలన్నీ వారం రోజులు రాత్రుళ్ళు కూర్చుని చూశాను. చూస్తే తేలిందేమిటయ్యా అంటే, ఇది అచ్చంగా మన పేజీలకి రావలసిన కథే.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో. పేరులో ఫుట్ ఉంది గాని పనంతా చేతులదీ, భుజాలదీ. జట్టుకి 11 మంది, 100 గజాల మైదానం. 4 ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకి పోవాలి. పోతే మళ్ళీ 4 ఇస్తారు, పోలేకపోతే బంతి అవతలివాళ్ళ పాలు. ఇందులో క్వార్టర్‌బ్యాక్ అనేవాడు హీరో. బంతి విసిరేది అతనే, పోస్టరు మీద బొమ్మ అతనిదే, పారితోషికంలో సింహభాగమూ అతనిదే. అతనికి ముందు గోడ కట్టినట్టు అయిదుగురు భారీ మనుషులు నిలబడతారు. వాళ్ళు మన స్టంట్ మాస్టారి మనుషుల్లాంటివాళ్ళు. దెబ్బలు తినడమూ కొట్టడమూ తప్ప ఇంకో పని లేదు. మామూలుగా వాళ్ళు ముందుకి విసిరిన బంతిని పట్టుకోకూడదని రూలే ఉంది. దూరంగా అంచుల్లో లేళ్ళలా పరిగెత్తి బంతి అందుకునేవాళ్ళు వేరే ఉన్నారు. డ్యూయెట్లన్నీ వాళ్ళవి.

ఇక మన టైట్ ఎండ్. ఆ గోడ చివర, గోడని ఆనుకుని నిలబడతాడు. ‘ఎండ్’లో ‘టైట్’గా ఉంటాడు గనక ఆ పేరు. ఇతను ఫైటరా, డ్యూయెట్ పాడేవాడా అన్నది బంతి కదిలేదాకా అవతలివాళ్ళకి తెలియదు. ఒకసారి పర్వతంలాంటి మనిషిని ఛాతీతో ఆపాలి. మరోసారి అదే మనిషిని తప్పించుకుని పరిగెత్తి, గాల్లో వచ్చే బంతిని వేళ్ళ కొసలతో పట్టాలి. పట్టిన మరుక్షణం ఇద్దరు ముగ్గురు మీద పడతారు. అది జీతంలో భాగం.

తొలినాళ్ళలో ఈ వేషం ఎక్కువగా దెబ్బలకే. 1961లో మైక్ డిట్కా అనే కుర్రాడు చికాగో బేర్స్ జట్టులో చేరిన మొదటి ఏడాదే 1,076 గజాలు సంపాదించి, ఫైటర్ కూడా పాట పాడగలడని చూపించాడు. 1988లో ఫుట్‌బాల్ కీర్తి మందిరంలో చోటు దక్కిన మొదటి టైట్ ఎండ్ అతనే. తరవాత బాస్కెట్‌బాల్ కోర్టుల నుంచి కూడా ఈ వేషానికి మనుషులొచ్చారు. ఆంటోనియో గేట్స్ కాలేజీలో ఒక్క ఫుట్‌బాల్ మ్యాచీ అయినా ఆడనేలేదు. బాస్కెట్‌బాలే ఆడాడు. 2003లో ఏ జట్టూ అతన్ని ఎంపికల్లో పిలవలేదు. 2025లో అదే కీర్తి మందిరంలో చేర్చుకున్నారు! కాన్సాస్ సిటీలోనే పన్నెండేళ్ళు ఈ వేషం కట్టిన టోనీ గొంజాలెజ్ 2017లో దీపికా పదుకొనే నటించిన ట్రిపుల్ ఎక్స్ సినిమాలో కనిపించాడు కూడాను. అతన్ని మీలో కొందరు చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు.

ఇప్పుడు ట్రావిస్ దగ్గరికి వద్దాం. ఇతను 1989 అక్టోబరు 5న ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. పెరిగింది క్లీవ్‌లాండ్ హైట్స్ అనే ఊళ్ళో. రెండేళ్ళు పెద్దవాడు అన్న జేసన్. హైస్కూల్లో మన ట్రావిస్ ఏం ఆడేవాడనుకున్నారు? క్వార్టర్‌బ్యాక్. అంటే హీరోయే. సిన్సినాటి విశ్వవిద్యాలయానికి 2008లో వెళ్ళింది కూడా హీరో వేషం కోసమే. అన్న జేసన్ అప్పటికే అక్కడ ఉన్నాడు. అతనిది ఇంకో రకం కథ. స్కాలర్‌షిప్ లేకుండా తనంతట తానుగా వెళ్ళి, బంతి పట్టుకుని పరిగెత్తే వేషంతో మొదలెట్టి, ఆ వేషమూ ఈ వేషమూ మార్చి, చివరికి గోడలో ఇటుకగా కుదురుకున్నాడు.

2009లో ట్రావిస్‌కి కాస్త ఇదీ, కాస్త అదీ ఇచ్చారు. ఏడాది మొత్తం మీద పట్టిన బంతి ఒక్కటి. దాంతో వచ్చినవి 3 గజాలు. మన భాషలో చెప్పాలంటే జనంలో నిలబడ్డ వేషం. ఆ సీజను చివర, 2010 మొదట్లో, పరీక్షలో గంజాయి తాగినట్టు తేలింది. ఏడాది పాటు సస్పెన్షన్, స్కాలర్‌షిప్ హుళక్కి. ఈ సంగతి గిట్టనివాళ్ళు పుట్టించిన భోగట్టా కాదు సుమా, తరవాత అతనే పది మందిలో చెప్పుకున్నాడు. ఉండటానికి చోటు లేక అన్న ఇంట్లో చేరాడు. పొట్టకూటికి ఫోన్ల కంపెనీలో పని. ఆరోగ్య సర్వే పేరు చెప్పి, ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఫోన్ చేసి ప్రశ్నలడగడం. సాయంకాలం స్టేడియంలో తోటివాళ్ళు ఆడుతూంటే ఇతను ఫోన్లో “అమ్మా, ఒక్క నిమిషం” అంటున్నాడన్నమాట.

అతను మారాడో లేదో నాకు తెలియదు, వయసులో ఉన్నవాళ్ళు ఎంతవరకు మారతారో మనకి తెలిసిందే. తెలిసిందల్లా, జేసన్ వెళ్ళి కొత్తగా వచ్చిన కోచ్ బుచ్ జోన్స్‌ని బతిమాలాడు, మా తమ్ముణ్ణి మళ్ళీ తీసుకోండని. తీసుకున్నారు. అయితే హీరో వేషం మాట ఇక లేదు. 2011లో టైట్ ఎండ్‌గా తిరిగొచ్చి 150 గజాలు, 2012లో 722 గజాలు, 8 టచ్‌డౌన్లు.

మన సినిమా వాళ్ళలో ఈ దారి నడిచినవాళ్ళు లేకపోలేదు. కైకాల సత్యనారాయణ గారు 1959లో ‘సిపాయి కూతురు’లో హీరోగానే వచ్చారు. సినిమా పోయింది. విఠలాచార్య గారు మరుసటి ఏడాది ‘కనకదుర్గ పూజా మహిమ’లో విలన్ వేషమిచ్చారు. ఆ తరవాతది మీకు నేను చెప్పక్కర్లేదు. హీరోగా నిలదొక్కుకుని ఉంటే ఆయన యముడి వేషం మనం చూసేవాళ్ళమా?

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి, లేకపోతే ఈ కథ నన్నెందుకు వారం రోజులు పట్టి కూర్చోబెట్టిందో మీకు అర్థం కాదు. డిగ్రీ పుచ్చుకుని ఒక పత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరిన కొత్త. పత్రిక పేరు అనవసరం, తప్పు నాదే. ఒక నటుణ్ణి కలవకుండానే కలిసినట్టు, ఇడ్లీ పెట్టి కబుర్లు చెప్పినట్టు ఇంటర్వ్యూ రాసేశాను. తీరా చూస్తే ఆ రోజు ఆయన ఊళ్ళోనే లేడు! పంపించేశారు. ఎనిమిది నెలలు ఒక ప్రెస్సులో శుభలేఖలకి ప్రూఫులు దిద్దాను. ‘చి.ల.సౌ.’లో చుక్కలు సరిగ్గా పడ్డాయా లేదా అని చూడటమే ఉద్యోగం. అప్పుడు పేజీలు కట్టే ఆర్టిస్టు ఒకాయన నన్ను ఇంకో ఎడిటరు గారి దగ్గరికి తీసుకెళ్ళి, “ఈ అమ్మాయి పూచీ నాదండీ” అన్నారు. అంతే అన్నది. ఆయన పేరు రాస్తే ఒప్పుకోరు. ఆయన కథ కొంచెం తరవాత.

2013లో పెద్ద జట్లు కుర్రాళ్ళని ఎంచుకునే రోజు వచ్చింది. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. కాన్సాస్ సిటీ చీఫ్స్ జట్టుకి ఆ ఏడే కొత్తగా వచ్చిన కోచ్ ఆండీ రీడ్. పెద్ద మీసం, పెద్ద బొజ్జ, చూస్తే మన ప్రొడ్యూసరే. అంతకు రెండేళ్ళ ముందు, 2011లో, ఫిలడెల్ఫియా ఈగల్స్‌లో ఉండగా జేసన్‌ని ఎంచుకున్నది ఈయనే. ఇప్పుడు తమ్ముడికి ఫోన్ చేశాడు. ఇచ్చిన అవకాశం పాడు చేసుకుంటావా అని ముందే నిలదీశాడట. పాడు చేసుకోనన్నాడు వీడు. అయినా నమ్మక, అన్నకి ఫోన్ ఇమ్మన్నాడట. పూచీ ఎవరిదో తేలాకనే 63వ పేరుగా ట్రావిస్ కెల్సీని చదివించాడు.

పేరైతే చదివారు గాని, మొదటి సినిమాకే కాలు విరిగినట్టయింది. 2013 మొత్తం మీద ఆడింది ఒక్క మ్యాచీ. పట్టిన బంతులు సున్న. మోకాలికి ఆపరేషన్. అప్పుడు గాని పంపించేసి ఉంటే ఈ పేజీలో అతని గురించి రాసే అవసరం నాకు వచ్చేది కాదు. పంపలేదు. 2014లో 862 గజాలు, 2016లో తొలిసారి వెయ్యి దాటాడు.

అన్నట్టు ఆ 2016లోనే మనవాడు ఒక టీవీ వేషం కూడా వేశాడు. ‘క్యాచింగ్ కెల్సీ’ అని పేరు. 50 రాష్ట్రాల నుంచి 50 మంది అమ్మాయిలు, ఇతనికి జోడీ కోసం పోటీ! స్వయంవరం తలకిందులన్నమాట. నేను ఒకటిన్నర భాగం చూశాను. మిగతాది మీకు వదిలేస్తున్నాను.

అసలు ఆట 2018 నుంచి. పాట్రిక్ మహోమ్స్ అనే కుర్రాడు జట్టుకి హీరో అయ్యాడు. ఇతనికీ అతనికీ కుదిరిన జోడీ చూసి తీరాల్సిందే. వేరే ఆటగాళ్ళకి దారి గీసి ఇస్తారు, ఇన్ని గజాలు వెళ్ళు, ఇటు తిరుగు అని. ట్రావిస్‌కీ ఇస్తారు గాని, సగం దారిలో ఖాళీ ఎక్కడ కనపడితే అక్కడ ఆగిపోతాడు. తను ఒకప్పుడు క్వార్టర్‌బ్యాక్ కదా, విసిరేవాడి కళ్ళకి ఏ చోటు కనపడుతుందో తెలుసు. పోయిన హీరో వేషం అలా అక్కరకొచ్చింది.

దానికి సాక్ష్యం 2022 జనవరి 23 నాటి మ్యాచీ. ప్రత్యర్థి బఫెలో జట్టు. అంతా అయిపోయింది. ఇంకా 13 సెకన్లు ఉంది. మనవాళ్ళు 3 పాయింట్లు వెనక. జనం లేచి వెళ్ళిపోవాల్సిన సమయం. మొదటి బంతితో ఒకతను 19 గజాలు తెచ్చాడు. రెండో బంతికి ముందు, అవతలివాళ్ళు నిలబడిన తీరు చూసి, గీసిన దారిలో వెళ్ళనని ట్రావిస్ అక్కడికక్కడే మహోమ్స్‌కి చెప్పాడు. సరే కానియ్యమని మైదానంలోంచే కేకేశాడు అతను. మధ్యలో ఖాళీ దొరికింది. 25 గజాలు. గడియారంలో 3 సెకన్లు. కాలితో తన్ని 3 పాయింట్లు తెచ్చి సమం చేశారు. అదనపు సమయంలో గెలుపు బంతి పట్టుకున్నదీ ట్రావిసే. 42-36. రాత్రి రెండింటికి మా ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని, నాలుగేళ్ళ కిందటి మ్యాచీకి లేచి చప్పట్లు కొట్టాను. పక్క వాటా వాళ్ళు గోడ మీద తట్టారు.

లెక్కలు కావాలన్నవారికి: 2016 నుంచి 2022 దాకా వరసగా ఏడు సీజన్లు వెయ్యి గజాలు. అంతకు ముందు ఏ టైట్ ఎండూ అలా చేయలేదు. 2020 ఒక్క ఏడే 1,416 గజాలు. 2023లో ఎనిమిదోసారికి 16 గజాలు మాత్రం తక్కువ పడ్డాయి. ఆఖరి మ్యాచీ ఆడితే వచ్చేవే. కానీ ఆ మ్యాచీ ఫలితంతో జట్టుకి పని లేదు, పైమ్యాచీలకి విశ్రాంతి కావాలి. ఆడలేదు. 984 దగ్గర ఆగింది. శతదినోత్సవానికి రెండు రోజుల ముందు సినిమా ఎత్తేసిన హీరోని నేను చూడలేదు.

మంచే చెప్తే మీరు నమ్మరు గనక రెండోదీ చెప్తాను. సూపర్ బౌల్ అని వీళ్ళ ఫైనల్ మ్యాచీ ఒకటుంది, మనకి సోమవారం తెల్లవారుజామున వస్తుంది. 2020, 2023, 2024లలో ఇతని జట్టు గెలిచింది. 2021, 2025లలో ఓడింది. 2024 ఫైనల్లో, ఒకసారి తనని పక్కన కూర్చోబెట్టినందుకు ట్రావిస్ కోపం పట్టలేక ఆండీ రీడ్ మీదికి వెళ్ళి మొహంలో మొహం పెట్టి అరుస్తూ భుజంతో తగిలాడు. అరవై దాటిన మనిషి తూలి పడబోయాడు. ఫోన్లో పూచీ అడిగిన మనిషే! కోట్ల మంది చూశారు. తరవాత అన్నతో చేసే ముచ్చట్ల కార్యక్రమంలో అది తప్పేనని ఒప్పుకున్నాడు. రీడ్ గారు నవ్వి ఊరుకున్నారు. నాకైతే నవ్వు రాలేదు.

2023 ఫైనల్ మాత్రం సినిమా కథే. ఇటు ట్రావిస్, అటు ఫిలడెల్ఫియా గోడలో జేసన్. అన్నదమ్ములు ఎదురెదురుగా ఆడిన మొదటి సూపర్ బౌల్ అదే. తల్లి డోనా సగం ఒక జట్టు, సగం ఇంకో జట్టు రంగులు కలిపి కుట్టించిన జాకెట్టు వేసుకుని కూర్చుంది. 38-35తో తమ్ముడు గెలిచాడు. రెండేళ్ళకి అదే ఫిలడెల్ఫియా 40-22తో బదులు తీర్చుకుంది గాని, అప్పటికి అన్న ఆట మానేశాడు.

ఆ 2023 మార్చిలోనే ట్రావిస్ ‘సాటర్డే నైట్ లైవ్’ నడిపాడు. సెప్టెంబరు 24న టేలర్ స్విఫ్ట్ మొదటిసారి అతని మ్యాచీకి వచ్చి కూర్చుంది. ఆ తరవాత ర్యాన్ మర్ఫీ తీసిన ‘గ్రోటెస్కరీ’లో వేషం, 2025లో ‘హ్యాపీ గిల్మోర్ 2’లో కాసేపు కనిపించడం. నటన గురించి నా అభిప్రాయం అడక్కండి. బంతి లేనప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి ఇంకా తెలియదు.

డబ్బు మాట. 2024 ఏప్రిల్లో రెండేళ్ళకి 34.25 మిలియన్ డాలర్ల ఒప్పందం. ఆ రోజుకి టైట్ ఎండ్లలో అంత పారితోషికం ఇంకెవరికీ లేదు. హీరో మహోమ్స్‌కి 2020లో రాసిచ్చింది పదేళ్ళకి 450 మిలియన్లు. సైడ్ వేషం ఎంత గొప్పదైనా సైడ్ వేషమే!

దీనికి ఒళ్ళు చెల్లించే ధర వేరే ఉంది. జాన్ మ్యాకీ అని 1960లలో బాల్టిమోర్‌కి ఆడిన మహా టైట్ ఎండ్. ఆటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడై వాళ్ళ హక్కుల కోసం కోర్టుకెళ్ళి గెలిచినవాడు. చివరికి మతిమరుపు జబ్బుతో మంచాన పడ్డాడు. భార్య సిల్వియా రాసిన ఉత్తరం వల్ల 2007లో అలాంటి పాత ఆటగాళ్ళ వైద్యానికి ఒక సహాయ పథకం పెట్టారు. దాని పేరు ‘88 ప్లాన్’. 88 అతని చొక్కా నంబరు. 2011లో పోయాడు. హారతుల సంగతి మా తమ్ముడు చెప్పాడు గాని, ఈ సంగతి చెప్పలేదు. నేనే చదివి తెలుసుకున్నాను.

చొక్కా నంబరంటే గుర్తొచ్చింది. ట్రావిస్ నంబరు 87. ఎందుకంటే అన్న పుట్టింది 1987లో. ఇది మొదలెట్టింది అన్నే గనక ఆ అంకె వేసుకున్నానని అతనే చెప్పాడు. 2024 మార్చి 4న జేసన్ ఆటకి సెలవు చెప్తూ, చేతుల్లేని బనీను వేసుకుని మైకు ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. తమ్ముడు ముందు వరసలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. అద్దాల కింద నుంచి కారుతున్న నీళ్ళు కెమెరా పట్టేసింది.

నా పూచీ తీసుకున్న ఆర్టిస్టు గారు కూడా మొన్నామధ్య రిటైరయ్యారు. ఆఫీసులో పూలదండ, శాలువా, మిక్చరు పొట్లాలు. నేను లేను. ఆ సాయంత్రం ఏదో ప్రివ్యూ ఉందని అటు వెళ్ళాను. ఆ సినిమా మూడో రోజుకి ఎత్తేశారు. ఆయన ఉండేది మల్కాజిగిరిలో, స్టేషనుకి అవతల. ఆదివారం వస్తున్నానని ఫోన్ చేస్తే, “ఎందుకమ్మా, ఏదైనా పేజీ కట్టాలా?” అన్నారు.